ఆకుపచ్చ నీళ్లు

సుంకి ఘాటీ మూడో మలుపులో మరిగి ఆగిపోయిందట.
లారీ వెనక తాడు కట్టించుకుని
చేతుల్లో స్టీరింగు, పక్కసీట్లో ఖాళీ బిందెతో
మా సిమిలిగుడ షెడ్డుకొచ్చింది భానుమతి మేష్టరమ్మ.
యాభై ఆరో సంవత్సరపు ల్యాండ్‌మాస్టరు,
సాలూరు పాతసామాన్ల కొట్లో బేరమాడి కొన్నది,
ముక్కుల్లోంచి ఇంకా ఆవిరి వదుల్తోంది.

"ఘాటీ ఎక్కితే మరుగుతోంది.
పుష్యమాసం తెల్లారగట్ట గడ్డకడుతుందని భయం.
ఒక్క బండికి రెండు జబ్బులేటి, దండాసీ?"

రెండిటికీ ఒకటే మందమ్మా, అన్నాను.
ఏ మందంటే మాత్రం నోరు పెగల్లేదు.

మా గురువు ఖాదర్ సాయిబుకి ఈ బాధ లేదు.
చలికాలం రాత్రుళ్లు కుళాయి విప్పి నీళ్లొదిలేసేవాడు,
పొద్దున్నే కుండలో కాచి పోసేవాడు.
ఇంజనూ ఆయనా ఒకే పొయ్యి దగ్గర
స్నానానికి కూచున్నట్టుండేవారు.

ఇప్పుడు బరంపురం నుంచి కుర్రాడొస్తాడు,
గులాబీరంగు సీసా బల్లమీద పెట్టి
ఐదేళ్లు మూత తియ్యక్కర్లేదంటాడు.

రేడియేటరు విప్పాను.
చోడి అంబలి రంగు కషాయం కారింది.
ఇత్తడి తొట్లు, రాగి గొట్టాలు,
అతుకతుక్కీ సీసం కలిపిన మాట్లు.
మాటుమీద నిలబడ్డ సరుకిది,
పాతకాలం మనుషులు మాటమీద నిలబడ్డట్టు.
సీసాలోది ఆ సీసాన్ని తినేస్తే?

మేష్టరమ్మ రసాయనశాస్త్రం చెప్తుంది.
రెండు ఊరగాయ జాడీలు తెచ్చి
ఒకదాన్లో గులాబీది, ఒకదాన్లో పచ్చది పోసి
రెండిట్లోనూ మాటుముక్క, రాగితీగ వేసి
నా స్పానర్ల బీరువామీద పెట్టి,
"ముట్టుకోకు" అని చీటీ రాసింది.
ఒడియాలోనూ రాసింది, మా సుక్రా కోసం.

దీపావళికి పెట్టినవి ధనుర్మాసంలో తీశాం.
గులాబీ జాడీలో మాటుకి
ముసలికంటి శుక్లంలా తెల్లపొర.
పచ్చదాన్లో ఇంకా మెరుస్తోంది.

"ఇది రుజువు కాదు దండాసీ.
ఇక్కడ వేడి లేదు, ఒత్తిడి లేదు.
వట్టి అనుమానానికి ఓ సాక్ష్యం, అంతే."
అయినా పచ్చదే తీసుకుంది.
తీసుకునేముందు కళ్లజోడు ఎత్తి
సీసా వెనక చీమల్లాంటి అక్షరాలన్నీ చదివింది.
రంగుదేముంది, ఎవడైనా కలుపుతాడు.

ఒక పాలు మందు, రెండు పాళ్లు బ్యాటరీ నీళ్లు.
మా బోరునీళ్లు వద్దన్నాను,
కాచిన గిన్నెకే సున్నం కడతాయి.
పైన వేలెడు ఖాళీ ఉంచాను,
వేడెక్కినది జరగడానికి చోటుండాలి.

పోస్తుంటే గరాటు పక్కనించి ఓ చారెడు కిందపడింది.
గుడ్డతో తుడిచాను.
ఇసక జల్లి ఊడ్చాను. మళ్లీ తుడిచాను.
"ఇంజన్లో పడని చుక్కకి అంత మర్యాదేటి?" అంది.

చెప్పలేదు.
ఇది తియ్యగా ఉంటుందట.
పోయినేడాది ఓ జీపులోంచి దించి
పళ్లెంలో వదిలేసి టీకి పోయాను.
నాలుగు కాళ్లకీ నల్లమచ్చలుండేవి, అందుకే
గ్రీజు అని పేరెట్టాం.
ఆ రోజు తాగినోడిలా తూలుతుంటే నవ్వాం కూడా, నేనూ సుక్రా.
మూడోనాడు పనసచెట్టు వెనక గొయ్యి తీశాం.

గురువారం సంతనాడు బండి తీసుకుపోయింది.
కోసిన చోళ్ల మోడులమీద మంచు తెల్లగా ఉంది,
హారన్ మాత్రం ఇంకా పలకదు,
డబ్బులు సగమే ఇచ్చింది.

తొమ్మిదింటికి ఫోను.
"మూడో మలుపు దాటేశాను.
దిగి బోనెట్‌మీద చెయ్యి పెట్టాను,
కాలుతోంది గానీ పెట్టగలుగుతున్నాను."

సరేనమ్మా, ఆరో మలుపులో ఇంకోసారి చూడండి, అన్నాను.

షెడ్డు గడపలో ఎవరిదో కుక్కపిల్ల
నేల వాసన చూస్తూ నిలబడింది.
బకెట్టూ గుడ్డా తెచ్చి
అక్కడే ఇంకోసారి తుడిచాను.